ముందు లేచేదెవరు: తెప్పలూరు బ్యాటరీ గది నమోదులు

నమోదు 1
గాలి మందం. పెద్ద కేబుల్ తగిలించి ఉంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి.

ఉదయం పెద్ద కేబుల్ కొక్కేలకు గ్రీజు పట్టించాను. అలలతో తిరిగే మరలు తీసిన కరెంటును ఊళ్ళోకి తెచ్చేది ఆ ఒక్క కేబులే. తుఫాను వస్తున్నదంటే దానిని మేమే విప్పేస్తాము. విప్పకపోతే, గొలుసులతో ఒకదానికొకటి కట్టిన మా తెప్పలు ఒక దిక్కుకు, కేబుల్ మరొక దిక్కుకు లాగి, రెండూ పోతాయి. విప్పిన క్షణం నుంచి తిరిగి తగిలించేదాకా ఊరంతా నా గదిలోని బ్యాటరీల మీదే బతకాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. కనుకనే మామూలు రోజుల్లో ఎవరూ నా గదివైపు రారు. వస్తే వారి యంత్రాన్ని ఆపమని అడుగుతానేమోనని అనుమానం.

పంచాయతీ నాకొక పని అప్పగించింది. గాలివానల కాలం ముదిరేలోగా, కేబుల్ విప్పినప్పుడు ఏ యంత్రం ఎప్పుడు నిద్రపోవాలో నిర్ణయించి, దానిని మర్యాదగా నిద్రపుచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయాలి. పోయిన ఏడాది అటువంటిది లేదు. అన్ని యంత్రాలూ చివరిదాకా వెలిగి, అన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. సినిమా తెప్పలో నాయకుడు గాలిలో ఉండగానే బొమ్మ ఆగిందట. ఊరు ఇప్పటికీ ఆ నష్టాన్నే తలచుకుంటుంది. హేచరీలో తొట్ల నీటికి గాలి ఊదే ఏరేటర్లు ఆగి తల్లి రొయ్యలు చనిపోయిన సంగతి ఒక్క పైడమ్మే తలచుకుంటుంది.

మైలపల్లి పైడమ్మ హేచరీ చూసుకునే మనిషి. మధ్యాహ్నం తానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంజినీరమ్మా, నీ సాఫ్టువేరు ఏటి సేత్తాదో నాకు తెల్దు. ఏడో తొట్టిలో తల్లులు మిగిలినాయి. డజను గూడా నేవు. ఆటికి గాలాగకుండా సూడు. అంతే."

"ఆగకుండా చూడటానికే ఇదంతా, పైడమ్మా."

"పోయినేడూ ఇలగే సెప్పినారు. అప్పుడు నువ్వు నేవులే."

ఒడ్డున ఉన్న హేచరీలన్నీ సముద్రం లోపలికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఈ జాతి తల్లి రొయ్య మరెక్కడా లేదు. ఏడో తొట్టి పోతే, వచ్చే ఏటి నుంచి తెప్పలూరు పెంచడానికి పిల్ల ఉండదు, పైడమ్మకు ఊళ్ళో పని ఉండదు. రెండో విషయం ఆమె చెప్పలేదు.

నమోదు 2
గాలి మందం.

మొదటి సాఫ్ట్‌వేర్ పేరు 'నిశ్చింత'. ఒడ్డు నుంచి ఆ కంపెనీ ప్రతినిధి పడవలో వచ్చారు. తెప్పల ఊపుకు ఆయన ముఖం పాచి రంగుకు తిరిగింది. అయినా కర్తవ్యం మరవకుండా గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. బొమ్మలలో అందరూ నవ్వుతున్నారు. ఒక బొమ్మలో బ్యాటరీ కూడా నవ్వుతున్నది.

ఏ యంత్రాన్ని నిద్రపుచ్చాలన్నా 'నిశ్చింత' ముందుగా వారి ప్రధాన కార్యాలయాన్ని అనుమతి అడుగుతుంది. అక్కడి వారు పరిశీలించి ఆమోదం పంపుతారు. వినడానికి ఇది బాధ్యతగల పద్ధతిలాగే ఉంది.

"కరెంటు పోయినప్పుడు మీ కార్యాలయంతో మాట్లాడే టవరు దేనితో నడుస్తుందండీ?" అని అడిగాను.

"కరెంటుతోనేనండీ," అన్నారాయన.

ఆయన రెండు బొమ్మలు ముందుకు వెళ్ళి, ఆగి, వెనక్కి తిప్పి, తిరిగి మొదటి బొమ్మ దగ్గరకు వచ్చారు. ఆ తరువాత చాలాసేపు నవ్వుతున్న బ్యాటరీనే చూస్తూ కూర్చున్నారు.

అల్లం నీళ్ళు కాచి ఇచ్చాను. పడవలో మధ్యన కూర్చోమని, ఒడ్డు కనిపించేదాకా సెల్లులోకి చూడవద్దని చెప్పి పంపాను. మంచి మనిషి. ఆ ప్రశ్న ఆయనను ఇంతకు ముందు ఎవరూ అడగలేదట.

నమోదు 3
గాలి మందం. బ్యాటరీ గది పైకప్పు కారుతున్నది, తారు పూశాను.

రెండవది 'కాపలా'. ఇది ఎవరినీ అడగదు, తానే నేర్చుకుంటుంది. ఊరి యంత్రాలను కొన్ని రోజులు గమనించి, ప్రజలకు ఏది ఎంత ముఖ్యమో తేల్చి, ఆ క్రమంలో కాపాడుతుంది. గమనించడానికి వదిలిపెట్టాను. ఈ రోజు దాని తీర్పు వచ్చింది.

అన్నిటికన్నా ముందు కాపాడవలసినది సినిమా తెప్ప. ఎక్కువ మంది ఎక్కువసేపు చూసేది దానినే కనుక. తరువాత సభల ఉపన్యాసాలను దాచే ప్రెసిడెంటు గారి సన్మాన యంత్రం. తాగునీటి యంత్రం తొమ్మిదవ స్థానంలో ఉంది. దానిని ఎవరూ చూడరు, నీళ్ళు మాత్రమే తాగుతారు. హేచరీ ఏరేటర్ల పక్కన ఇలా రాసింది: "ఈ యంత్రాన్ని ఎవరూ తాకడం లేదు. అనవసరం కావచ్చును."

ఇది చదివి వినిపిస్తే పైడమ్మ నోరు తెరిచింది.

"తాకితే తల్లులు బెదిరి సచ్చిపోతాయని గదా తాకనిది! దానికా మాత్రం తెల్దేటి?"

"చూసి నేర్చుకునేది గదా పైడమ్మా. చూడనిది దానికి తెలియదు."

"అలగైతే మా తాతారావు లాటిదే. బొమ్మ తప్ప మరోటి సూడడు."

తాతారావు అంటే సినిమా తెప్ప నడిపే ఆయన. ఈ పోలికను నేను సమర్థించలేదు. ఖండించనూ లేదు.

నివేదిక చివరన 'కాపలా' ఒక సలహా ఇచ్చింది. ఊళ్ళో ఎవరూ అడుగుపెట్టని చోటు బ్యాటరీ గది అని అది కనిపెట్టింది. కాబట్టి బ్యాటరీలను ఆదా చేయడానికి ముందుగా బ్యాటరీ గదిని ఆపవలసిందిగా సూచించింది. దానిని గౌరవంగా తొలగించాను.

నమోదు 4
గాలి మధ్యస్థం, ఆగ్నేయం. గాలి ఉన్నా సముద్రం నూనె పోసినట్లు నున్నగా ఉంది. నాకు నచ్చలేదు.

పంచాయతీ సమావేశం జరిగింది. సాఫ్ట్‌వేర్ ఏదైనా, ముందు నిద్రపోయేది ఎవరి యంత్రమో మీరే నిర్ణయించాలని విన్నవించాను. సభ్యులు ఏకగ్రీవంగా నిర్ణయించారు: పక్కవారిది.

"బొమ్మ లేకపోతే జనం గాలివానని సూసి బెదిరిపోతారండి. ధైర్యం సెప్పేది నాను," అన్నారు తాతారావు.

"గాలివానలో నీ తెప్పకెవుడు వత్తాడయ్యా?" అన్నారు బడి పంతులు గారు.

"మీ బడికెవుడొత్తన్నాడండి, ఎండలో గూడా?"

ఇది కొంతసేపు సాగింది. ఆఖరున ప్రెసిడెంటు గారు చేయి ఎత్తారు. గరికిన అప్పలస్వామి గారు మూడోసారి ప్రెసిడెంటు. ఊళ్ళో ఆయన శాలువా కప్పని మనిషి లేరు. నేను వచ్చిన వారానికే నాకూ కప్పారు. ఆయన ఏర్పాటు చేయించిన సన్మాన యంత్రం ఊళ్ళో జరిగిన ప్రతి సభనూ దాచిపెడుతుంది, పండుగలకు ఊరి మైకుల్లో వినిపిస్తుంది. తీరిక దొరికినప్పుడు వాటికి మెరుగు పెడుతుంది. అంటే ఉపన్యాసాలలోని దగ్గులు తీసివేసి, చప్పట్లు లేని చోట చప్పట్లు చేరుస్తుంది. ఉపన్యాసం మధ్యలో ఆపడం సభకు అవమానమని దానికి నేర్పారు. కనుక చేపట్టిన ఉపన్యాసం ముగిసేదాకా అది నిద్రపోదు.

"నా యంత్రాన్ని సివరకి ఉంచమని నేనడగను," అన్నారాయన. సభ ఊపిరి పీల్చుకుంది. "అందరికన్నా ముందు ఆపితే మాత్రం ఊరికే అవమానం. నాకు కాదు, ఊరికి."

తాతారావు తన తెప్ప విషయంలోనూ సరిగ్గా అంతేనన్నారు.

నమోదు 5
గాలి మధ్యస్థం. వాతావరణ రేడియో ఒక అల్పపీడనం గురించి చెబుతున్నది.

మూడవ సాఫ్ట్‌వేర్ ఊళ్ళోనే దొరికింది. చోడిపల్లి రత్నాలు ఊరి విందులన్నిటికీ వంట చేసే మనిషి. ఆమె వంట తెప్పకు వచ్చే కరెంటు తక్కువ. అన్ని పొయ్యిలూ ఒకేసారి వెలిగించలేక, వాటిని వంతులవారీగా నడపడానికి ఒక ప్రోగ్రాము రాసుకుంది. దాని పేరు 'బంతి'. విందులో జనాన్ని బంతులుగా కూర్చోబెట్టినట్లే అది పొయ్యిలను కూర్చోబెడుతుంది.

దానిని కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. తెలియనిది తెలిసినట్లు నటించే వరుస అందులో ఒక్కటీ లేదు. ఊరి యంత్రాలకు దానిని ఇలా మలిచాము. మొదటి బంతిలో సినిమా, బడి, పంచాయతీ కార్యాలయం, సన్మాన యంత్రం. రెండవ బంతిలో ఇళ్ళ దీపాలు, వంట, చేపల మంచుగది. మూడవ బంతి వడ్డించేవారిది: తాగునీరు, ఆసుపత్రి, తెప్పలను సమంగా నిలబెట్టే యంత్రం, హేచరీ ఏరేటర్లు. కేబుల్ విప్పగానే మొదటి బంతి తమ పని సర్దుకుని లేస్తుంది. తరువాత రెండవది. వడ్డించేవారి బంతి తుఫాను వెళ్ళేదాకా కూర్చునే ఉంటుంది.

"ఒకే బంతి గాబట్టి ఎవరు ముందూ నేదు, ఎవరెనకా నేదు," అని రత్నాలు వివరించగానే పంచాయతీలో ముఖాలు విచ్చుకున్నాయి. ప్రెసిడెంటు గారు మాత్రం ఒక సవరణ కోరారు.

"ఒకే బంతిలో కూసున్నోళ్ళు ఒకేపాలి లేవాల. ఒకడు తింతుండగా పక్కోడు లేచిపోతే అదేం మర్యాద?"

అందరూ మెచ్చుకున్నారు. తాతారావు మరొకటి చేర్చారు. ఎవరి యంత్రాన్నైనా బలవంతంగా ఆపవలసి వస్తే, ఆ శాఖ పెద్ద తన బొటనవేలు ఒత్తితేనే ఆగాలి. ఇంజనీరు ఒత్తితే ఆగకూడదు. ఈ సవరణకు ఎక్కువ చప్పట్లు వచ్చాయి, అవి అసలైనవి.

రెండింటినీ చేర్చాము. బయటకు వస్తూ రత్నాలు గొణిగింది.

"నేను పొయ్యిలకి రాసుకున్నానమ్మా. ఆటికి పరువు నేదు."

నమోదు 6
గాలి మధ్యస్థం, కొంచెం ఎక్కువ.

ఒప్పందం కుదిరినందుకు ఈ మధ్యాహ్నం పంచాయతీ తెప్ప మీద విందు జరిగింది. నన్ను మొదటి బంతిలో ప్రెసిడెంటు గారికి నాలుగు ఆకుల అవతల కూర్చోబెట్టారు. నా పక్కన పైడమ్మ.

రత్నాలు పనసకాయ కూర చేసింది. దాని గురించి ఈ నమోదులో రాయడం సబబు కాదు. అది విద్యుత్తుకు సంబంధించినది కాదు. అయినా రాస్తున్నాను: చాలా బాగుంది.

అందరమూ పెరుగు అన్నం దాకా వచ్చేశాము. ప్రెసిడెంటు గారు పప్పు దగ్గరే ఉన్నారు. చేయి ఆకులో, మాట మొదటి ఎన్నికల్లో. ఆయన ముద్ద కలుపుతారు, ఒక సంగతి గుర్తుకు వస్తుంది, ముద్ద ఆకులో ఆగిపోతుంది. నా వేళ్ళ మీద పెరుగు ఎండి అట్టకట్టింది. అటు వడ్డించేవారు కడుపు మీద చేయి పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ లేవరు. పెద్దాయన తింటుండగా లేవడం ఈ ఊళ్ళో జరిగేది కాదు.

పైడమ్మ కూర్చున్నచోటే కదులుతున్నది.

"తొట్టికి నీరు మార్చే ఏల అయిపోతంది," అంది నా చెవి దగ్గర. "ఈ బాబు లేత్తే గదా నేను లేచీది."

"వెళ్ళండి. నేను చెబుతాను."

"ఓలమ్మో! బంతిలోంచి లేచిపోడమే? నాకింకా ఈ ఊళ్ళో ముకం సూపించాలమ్మా."

ఆకు మీద నా చేయి అలాగే ఉండిపోయింది. మొదటి బంతి లేస్తేనే రెండవది. అందులో ఒక్కరు ఆలస్యం చేస్తే ఎవరూ లేవరు. సన్మాన యంత్రం ఉపన్యాసం మధ్యలో ఆగదు. ఈ మూడు వాక్యాలనూ నేనే విడివిడిగా నమోదు చేశాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఇప్పుడే చూశాను.

పాయసం వదిలేశాను.

నమోదు 7
గాలి హెచ్చుతున్నది. రేడియో దానిని ఇప్పుడు తుఫాను అంటున్నది.

తెల్లవారగానే కేబుల్‌ను కొద్దిసేపటి కోసమని విప్పి పరీక్ష మొదలుపెట్టాను. బడి యంత్రం వెంటనే సర్దుకుంది. సినిమా, కార్యాలయం కూడా. ఆ తరువాత మూడూ దీపాలు వెలిగించుకుని, పనేమీ లేకుండా, బ్యాటరీలు తాగుతూ సన్మాన యంత్రం కోసం మర్యాదగా ఎదురుచూశాయి. అది వ్యవస్థాపక దినోత్సవ ఉపన్యాసానికి మెరుగు పెడుతున్నది. ఎండ నడినెత్తికి వచ్చినా అది లేవలేదు. నేను కేబుల్ తగిలించేశాను.

లెక్క రెండుసార్లు చేశాను. పోయిన ఏటి తుఫాను ఉన్నంతసేపు ఈ తుఫానూ ఉంటే, వడ్డించేవారి బంతికి చివరి జాముకు ఏమీ మిగలదు. తాగునీటికి పీపాలు నింపుకోవచ్చు. తెప్పలను తాళ్ళతో బిగించుకోవచ్చు. ఆసుపత్రిలో ప్రస్తుతం ఎవరూ లేరు. తల్లి రొయ్యలకు పీపాలో గాలి నింపలేము.

ప్రెసిడెంటు గారి దగ్గరకు వెళ్ళి, తుఫాను వచ్చినప్పుడు సన్మాన యంత్రాన్ని అందరికన్నా ముందు ఆపడానికి అనుమతి అడిగాను.

"నన్ను ముందు లేచిపొమ్మంతావేటమ్మా?"

"మిమ్మల్ని కాదండీ. మీ యంత్రాన్ని."

"తేడా ఏటుంది?"

ఈ ప్రశ్నకు నా దగ్గర సాంకేతిక సమాధానం ఉంది. దాని వల్ల ప్రయోజనం కనిపించక ఊరుకున్నాను. ఆయన గోడకున్న ఫొటో వైపు చూశారు. అందులో వల భుజాన వేసుకున్న ఒక సన్నటి మనిషి.

"మా అయ్య. ఒడ్డున ఉన్నన్నాళ్ళూ ఏ సభలోనూ కుర్సీ ఏసి కూసోబెట్నేదు. ఎనకాల నిలబడి ఇనీవోడు. అందుకే ఈ ఊళ్ళో పుట్టిన ప్రెతీవోడికీ ఒక శాలువా, ఒక మాట. ఆ మాటలన్నీ దాన్లో ఉన్నాయి. సగంలో నరికేస్తే ఏటి మిగుల్తాది?"

నవ్వడానికి సిద్ధపడి వెళ్ళినదానిని నవ్వలేకపోయాను. "పాతవన్నీ భద్రంగా ఉంటాయండీ. మెరుగు పెడుతున్న ఆ ఒక్కదానికే మెరుగు పోతుంది," అన్నాను.

"అదే నాది," అన్నారాయన.

నమోదు 8
గాలి: తుఫాను. పెద్ద కేబుల్ విప్పాము. బ్యాటరీలు: కింద చూడండి.

పొద్దున్నే కేబుల్ విప్పి లోపలికి లాక్కున్నాము. ఎన్నడూ నా గదివైపు రాని పెద్దలందరూ ఈ రోజు వచ్చారు. ఊరి మొత్తానికి కారని పైకప్పు ఇదొక్కటేనట. తారు పూసిన సంగతి నేను చెప్పలేదు. ప్రెసిడెంటు గారికి నా కుర్చీ ఇచ్చాను. తాతారావు బ్యాటరీల పెట్టె మీద కూర్చోబోతే లేపాను. బడి పంతులు గారు తన గొడుగును లోపల కూడా తెరిచే ఉంచారు.

'బంతి' పని మొదలుపెట్టింది. మొదటి బంతిలో మూడు యంత్రాలు సర్దుకుని చేతులు ముడుచుకున్నాయి. నాలుగవది ఉపన్యాసంలో ఉంది. రెండవ బంతి తన వంతు కోసం నిండు దీపాలతో ఎదురుచూస్తున్నది. బ్యాటరీ ముల్లు సగానికి వచ్చింది. సగం దాటింది. ప్రెసిడెంటు గారు ముల్లును తప్ప గదిలోని మిగతా వస్తువులన్నిటినీ చూశారు.

తలుపు తోసుకుని పైడమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"ఎంతుంది?"

ముల్లు చూపించాను. ఆమె లెక్క అడగలేదు.

"రత్నాలూ," అన్నాను. ఆమె మూలన కూర్చుని తన ప్రోగ్రామును తానే తిట్టుకుంటున్నది. "విందులో ఒక పెద్దాయన మాటల్లో పడి లేవకపోతే, వంటవాళ్ళు ఏం చేస్తారు?"

"ఏటి సేత్తామమ్మా. నిలబడతాం."

"ఆయన తినకుండానే లేచేస్తే?"

"ఆకుల్లో ఎంతున్నా అందరూ లేత్తారు. పెద్దోళ్ళు లేచేక ఇంకెవుడు కూసుంతాడు?"

"ఆ ముక్క ప్రోగ్రాములో రాయగలవా? పెద్దవారు లేస్తే బంతి మొత్తం లేచినట్లే అని?"

ఆమె అప్పటికే రాస్తున్నది. "రాసెయ్యడం ఎంతసేపు. లేవడమే," అంది, ఎవరి వైపూ చూడకుండా.

గదిలో అందరూ ప్రెసిడెంటు గారి బొటనవేలి వైపు చూశారు. అది కుర్చీ చేతి మీద ఉంది.

"ఇంకెంతసేపు పడతాదమ్మా, ఆ ఉపన్యాసం?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"చప్పట్లు సగం చేర్చిందండీ. దగ్గులు అలాగే ఉన్నాయి."

"ఒకపాలి వినిపించు."

వినిపించాను. గాలి హోరులోంచి ఆయన కంఠమే గంభీరంగా వచ్చింది. "...నేను మాటల మనిషిని కాను. కాబట్టి పదకొండో సంగతికొస్తాను..." వెంటనే చప్పట్లు మోగాయి. తాతారావు గోడ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. గొడుగు కూడా కదులుతున్నది.

"ఆ వేళ ఇన్ని చప్పట్లు కొట్టినారేటి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

జవాబు పైడమ్మ ఇచ్చింది.

"నేదు బాబూ. ఆ యేల అందరికీ ఆకలేసింది."

తరువాత ఆమె గొంతు తగ్గించింది. "బాబూ, మీరు పోయినేడు నాకు శాలువా కప్పినారు. ఏం మాటాడినారో నాకు గుర్తు నేదు. శాలువా ఉంది. ఎండకి నీరు కాగిపోతంటే దాన్నే తడిపి ఏడో తొట్టి మీద కప్పుతున్నాను. ఆ తల్లులు ఇప్పుడు దాని కిందే ఉన్నాయి. ఇంక మీరే సూడండి."

ప్రెసిడెంటు గారు మొదటిసారి ముల్లు వైపు చూశారు. ఆ తరువాత ఆయన కుడిచేతిని, భోజనం ముగించినవారు చేసినట్లే, కండువాకు తుడుచుకున్నారు.

"లేవండర్రా," అన్నారు.

తెర మీద బొటనవేలు ఒత్తారు. సన్మాన యంత్రం ఒక చప్పట్ల మధ్యలో ఆగింది. దాని వెనుక సినిమా, బడి, కార్యాలయం నిద్రపోయాయి. వాటి వెనుక ఊరి దీపాలు తెప్ప తరువాత తెప్పగా ఆరిపోయాయి. బ్యాటరీ ముల్లు, రోజంతా జారిన ముల్లు, దాదాపు నిలబడింది.

నా గది దీపం కూడా ఆర్పేశాను. చీకట్లో అంతమంది పెద్దలు ఒకచోట కూర్చుని, ఒక్కరూ ఉపన్యసించకపోవడం ఈ ఊళ్ళో మొదటిసారి అనుకుంటాను. పంతులు గారు మాత్రం గొడుగు మూశారు.

నమోదు 9
గాలి మందం. పెద్ద కేబుల్ తగిలించాము. బ్యాటరీలు: ముల్లు అడుగున, కానీ అడుగంటలేదు.

ఏడో తొట్టిలో తల్లులన్నీ బతికే ఉన్నాయి. ఒకటి గుడ్లు విడిచింది. పిల్లలు పైకి వచ్చాయి. వెలుతురు పెడితే నీళ్ళల్లో పిండి చల్లినట్లు కదులుతున్నాయి. చూడటానికి సగం ఊరు హేచరీ తెప్ప ఎక్కింది. పైడమ్మ అందరినీ నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టి, ముందుకు వంగిన తాతారావును చీపురుతో వెనక్కి నెట్టింది. ప్రెసిడెంటు గారికి మాత్రం వంగి చూడటానికి అనుమతి ఇచ్చింది.

ఎంపిక పత్రం ఈ రోజే పూర్తి చేశాను. ఎంపిక చేసిన సాఫ్ట్‌వేర్: 'బంతి'. కారణం అన్న చోట, చెప్పింది వింటుంది, తెలియనిది తెలుసనదు, తప్పు దొరికితే ఊళ్ళోనే దిద్దుకోవచ్చు అని రాశాను. దిద్దిన నియమం: బంతిలో పెద్దవారు ముందు లేస్తారు.

ఎవరు ముందు లేచారో, యంత్రాలు తిరిగి మేలుకునేటప్పుడు వారు చివరన మేలుకుంటారు. అందువల్ల మేమందరమూ తొట్టి చుట్టూ ఉండగా, ఊరంతా వెలిగాక, ఆఖరున సన్మాన యంత్రం కళ్ళు తెరిచింది. ఆగిన ఉపన్యాసాన్ని తాను ముగించలేదని దానికి గుర్తుకు వచ్చింది. మెరుగు పెట్టినదంతా పోయింది కనుక, అసలు రూపాన్నే ఊరి మైకులన్నిటిలోనూ అందుకుంది. దగ్గులు ఉన్నాయి. చప్పట్లు లేవు.

"...నేను మాటల మనిషిని, ఖహ్, ఖహ్, కాను..."

తొట్టిలోని పిల్లలన్నీ ఒక్కసారిగా అడుగుకు దిగిపోయాయి.

"బాబూ," అంది పైడమ్మ, "పిల్లలు అదిరిపోతన్నాయి."

నేను కదిలేలోగానే ప్రెసిడెంటు గారు తెప్పలు దాటుకుంటూ, పంచె ఎగ్గట్టుకుని, తన కార్యాలయం వైపు దాదాపు పరుగెత్తారు. కొద్దిసేపటికి మైకులు పదకొండో సంగతి దగ్గర ఆగిపోయాయి. పిల్లలు మెల్లగా పైకి రావడం మొదలుపెట్టాయి.

ఆయన ఆయాసపడుతూ తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"అమ్మా ఇంజినీరూ, ముందు లేచింది నేనే. రాసేవా?"

"రాశానండీ."

"మంచిది," అన్నారు. మరేదో చెప్పబోయి, తొట్టి వైపు చూసి, మానుకున్నారు.